పొడవాటి స్కీలు, తోలు బూట్లు: మంచు మీద పాత చదువు

మన హైస్కూల్లో ఘర్షణ పాఠం చెప్పేటప్పుడు గచ్చు మీద ఇటుకను స్ప్రింగు త్రాసుతో లాగి చూపించేవారు. ఘర్షణ ఎంతుందో కొలవడం దాకా ఆ పాఠం బాగానే ఉండేది. కాళ్ళ కింద ఘర్షణ దాదాపు లేకుండా పోతే మనిషి ఎలా నిలబడాలి, ఎలా తిరగాలి, ఎలా ఆగాలి అన్న ప్రశ్న మాత్రం మన ఎండల్లో ఎవరికీ రాలేదు. ఆ ప్రశ్నకు జవాబు కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో దొరికింది. మన బడి సంచికకు జ్ఞాపకాలు రాయమన్నారు. నా సంగతులకంటే, 1960ల నుంచి 1980ల చివరి దాకా సరదాకి స్కీయింగ్, అంటే కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం, చేసేవాళ్ళు దాన్ని ఎలా నేర్చుకునేవారో రాసిపెడితే మన తర్వాతి బ్యాచ్‌లవాళ్ళకు ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. ఇవాళ మనాలీకో గుల్మార్గ్‌కో వెళ్ళి పొట్టి స్కీల మీద వారం రోజుల్లో మలుపులు తిరిగేస్తున్న పిల్లలకు ఆ పద్ధతులు అనవసరపు హంగుల్లా కనిపిస్తాయి. ఆనాటి స్కీ ఎలా ఉండేదో తెలిస్తే అలా అనిపించదు.

ముందు ఊరి గురించి రెండు మాటలు. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చిక మైదానం. చలికాలమంతా మంచు కిందే. 1927లో అక్కడ బ్రిటిష్ సైనికాధికారులు స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా పెట్టారు. 1948లో మేజర్ జనరల్ తిమ్మయ్య సైన్యం కోసం స్కీ స్కూలు మొదలుపెట్టించారు. మామూలు పౌరులకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థ 1968లో వచ్చింది. గొండోలా, అంటే తీగ మీద నడిచే పెట్టె లిఫ్టు, మొదటి దశ నడవడం 1998లో, అఫర్వత్ కొండ భుజం దాకా తీసుకెళ్ళే రెండో దశ 2005లో. అంతకుముందు లాక్కెళ్ళే చిన్న లిఫ్టులు కొన్ని వాలుల మీదే ఉండేవి. మిగతా చోట్ల స్కీలతోనే ఎక్కాలి, స్కీలతోనే దిగాలి. గంట ఎక్కితే కొన్ని నిమిషాలు దిగడం. అందుకే ఆ కాలపు శిక్షణలో ఎక్కడానికి అంత చోటు.

స్కీ పొడవును చేయి పైకెత్తించి కొలిచేవారు. నిలబెట్టిన స్కీ కొన మణికట్టుకు తగలాలి. ఐదున్నర అడుగుల మగవాడికి అది 200 సెంటీమీటర్లు దాటేది. 1950లో హొవార్డ్ హెడ్ అమెరికాలో అల్యూమినియం రేకుల మధ్య ప్లైవుడ్ పెట్టి చేసిన స్కీ అమ్మకానికి తెచ్చేదాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం, సామాన్యుడిది చెక్క స్కీయే. ఫైబర్‌గ్లాస్ 1960లలో పుంజుకుంది. ఏ సరుకుతో చేసినా ఆకారం మాత్రం దాదాపు ఒకటే. ముందు కొన దగ్గర వెడల్పు 87 మిల్లీమీటర్లు ఉంటే నడుము దగ్గర 67, వెనక 77 ప్రాంతం. రెండు మీటర్ల పొడవు మీద నడుము అంత కొంచెమే సన్నగా ఉంటే, ఆ స్కీని అంచు మీద వాల్చి వదిలినా అది గీసే వంపు నలభై మీటర్ల వ్యాసార్థం దాటుతుంది. మామూలు వాలు మీద అంత చోటు ఎక్కడిది? ఇవాళ్టి స్కీకి ఆ వ్యాసార్థం 12 నుంచి 18 మీటర్లు, కాబట్టి వాల్చితే చాలు, తనే తిరుగుతుంది. పాత స్కీని మనిషి తిప్పాలి. తిప్పాలంటే మంచు మీంచి దాని బరువును ఒక్క క్షణం తీసేయాలి. పాత పద్ధతి సారమంతా ఈ ఒక్క అవసరంలోంచి పుట్టిందే.

బరువు తీయడం అంటే గాల్లోకి ఎగరడం కాదు. ఇంట్లో ముల్లు తిరిగే బరువు చూసే యంత్రం ఉంటే ఇప్పుడే చూడవచ్చు. దాని మీద మోకాళ్ళు వంచి నిలబడి చురుగ్గా పైకి లేవండి. ముల్లు ముందు మీ బరువుకంటే పైకి పోతుంది. లేవడం ముగిసే చోట ఒక్కసారిగా బరువుకంటే బాగా కిందికి పడి, మళ్ళీ సర్దుకుంటుంది. ముల్లు కిందికి పడిన ఆ అర సెకను లోపు సమయమే మలుపుకు దొరికే కిటికీ. చాలామంది లేవడం మొదలుపెట్టగానే స్కీని తిప్పబోయేవారు. సరిగ్గా అప్పుడే స్కీ మీద బరువు ఎక్కువ, అంచు మంచులో ఇంకా లోతుగా దిగి ఉంటుంది, కాబట్టి అది కదలదు. ఒళ్ళు మాత్రం తిరిగిపోతుంది, పక్కకు పడతారు. శిక్షకులు రోజంతా ‘లేచాక తిప్పు’ అని అరిచేది ఇందుకే.

శిక్షణ మొదటి రోజు ఎవరినీ వాలు మీదికి పోనిచ్చేవారు కాదు. చదును మంచు మీద ఒక కాలికే స్కీ కట్టి నడిపించేవారు, తర్వాత రెండో కాలికి. ఆ తర్వాత పక్కకు అడుగులేస్తూ ఎక్కడం. స్కీలు రెండూ వాలుకు అడ్డంగా ఉండాలి, కొండవైపు అంచులు దిగాలి, పై స్కీ ఒక జానెడు పైకి, కింద స్కీ దాని పక్కకు. వాలు కిందికి సాగే దిశను, అంటే ఫాల్ లైన్‌ను, సరిగ్గా పట్టుకోకపోతే స్కీలు ముందుకో వెనక్కో జారతాయి. అనుమానముంటే గుప్పెడు మంచు ఉండ చేసి వదలాలి. అది ఎటు దొర్లితే అది ఫాల్ లైన్. వాలు తక్కువైన చోట చేపముల్లు ఆకారంలో ఎక్కేవారు: ముందు కొనలు దూరంగా, వెనక కొనలు దగ్గరగా, బరువు లోపలి అంచుల మీద, చేతి కర్రలు రెండూ వెనక ఆనించి. ఇందులో తప్పు ఎప్పుడూ ఒక్కచోటే, వెనక కొన ఒకదాని మీద ఒకటి పడటం. చూపు స్కీల మీద కాక ఎదర పెడితే అడుగు తనంతట పెద్దదవుతుంది.

పక్క అడుగులతో ఎక్కడంలో ఇంకో ప్రయోజనం ఉండేది. మంచు చదును చేసే యంత్రాలు లేని చోట, ఇరవైమంది శిక్షణార్థులు వరసగా నిలబడి అలా పైకీ కిందికీ తొక్కితేనే వాలు గట్టిపడేది. రాత్రి కొత్త మంచు కురిస్తే పొద్దున్న మొదటి గంట దానికే. పడినవాడు లేచి వెళ్ళిపోకూడదు. తన ఒళ్ళు చేసిన గుంటను మంచుతో పూడ్చి, తొక్కి, అప్పుడు కదలాలి. ఆ గుంట రాత్రికి గడ్డకట్టి మర్నాడు ఇంకొకరి మోకాలు తిప్పేస్తుంది. పైనుంచి వేగంగా వచ్చేవాళ్ళు ‘ట్రాక్!’ అని కేక వేయడం, కిందివాళ్ళదే మొదటి హక్కు అని ఒప్పుకోవడం కూడా ఆనాటి మర్యాదలే. ఈ రోజు యంత్రంతో దువ్విన వాలు మీద గుంట పూడ్చే అలవాటు పూర్తిగా పోయింది, అది నాకు నచ్చని మార్పు.

దిగడం స్నోప్లౌతో మొదలు. ముందు కొనల మధ్య అరచేయి వెడల్పు, వెనక కొనలు దూరంగా తోసి, మోకాళ్ళు ముందుకు, ముంగాళ్ళు బూటు నాలుకకు ఆని ఉండాలి. కుడి కాలి మీద బరువు పెడితే ఎడమకు తిరుగుతుంది. వేగం చూసి భయపడినవాడు వెనక్కి కూర్చుంటాడు, కొండవైపు ఒరుగుతాడు. రెండూ తప్పే. వెనక్కి కూర్చుంటే ముందు కొనలు తేలిపోయి స్కీ మాట వినదు. కొండవైపు ఒరిగితే కింది స్కీ మీద బరువు పోయి, దాని అంచు జారిపోతుంది. పడకుండా ఉండటానికి లోయవైపు ఒరగాలన్న సంగతి ఒంటికి నచ్చజెప్పడమే మొదటి మూడు రోజుల చదువు.

ఆ తర్వాతది స్టెమ్ క్రిస్టీ. ఆస్ట్రియా ఆల్ప్స్‌లో ఆర్ల్‌బెర్గ్ ప్రాంతపు హన్నెస్ ష్నైడర్ 1920ల నాటికి వరసక్రమంలో పెట్టిన చదువులో ఇది కీలకమైన మెట్టు, మన దగ్గర చాలాకాలం నడిచింది కూడా ఆ వరసే. వాలుకు అడ్డంగా పోతూ, పై స్కీ వెనక కొనను బయటికి తోసి సగం స్నోప్లౌ చేయాలి. మోకాళ్ళు వంచి, లోయవైపు కర్రను ముందు కొనకూ బూటుకూ నడుమ గుచ్చాలి. గుచ్చిన మరుక్షణం పైకి లేస్తూ బరువంతా బయటి స్కీకి మార్చి, ముల్లు కిందికి పడే ఆ వేళకు లోపలి స్కీని దాని పక్కకు చేర్చాలి. చేరాక మళ్ళీ మెల్లగా కుంగాలి. కుంగడం ఒక్కసారిగా జరిగితే స్కీలు పక్కకు జారి మలుపు చివర వేగం హద్దు దాటుతుంది. కర్ర వెనక గుచ్చితే భుజం వెనక్కి లాగబడి, ఒళ్ళు మలుపుకు ఎదురు తిరుగుతుంది. ఫ్రెంచివాళ్ళు భుజాలతో మలుపును నడిపించేవారు. 1950లలో స్టెఫాన్ క్రుకెన్‌హౌసర్ ఆధ్వర్యంలో ఆస్ట్రియన్లు భుజాలను లోయవైపే ఉంచి, కాళ్ళను మాత్రమే ఇటూ అటూ తిప్పే వేడెల్న్ ప్రచారంలోకి తెచ్చారు. ఈ రెండు బడుల వాదం ఏళ్ళ తరబడి సాగింది. నా మట్టుకు, తోలు బూటు మీద ఆస్ట్రియన్ పద్ధతిలోనే అంచు ఎక్కువ పట్టింది.

తోలు బూటు గురించి విడిగా చెప్పాలి. లోపల ఒక వరస, బయట ఒక వరస తాళ్ళు. చలికి కొయ్యబారిన వేళ్ళతో అవి బిగించడానికే పావుగంట పట్టేది. బకిల్స్ 1950ల మధ్యలో, ప్లాస్టిక్ బూటు 1960ల మధ్యలో వచ్చాయి గానీ, అద్దె దుకాణాల్లో తోలు బూట్లు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు కనిపించేవి. సాయంత్రానికి అవి తడిసి బరువెక్కేవి. తడిసిన బూటును బుఖారీ, అంటే గది వెచ్చబెట్టే పొయ్యి, పక్కన పెడితే తోలు బిగుసుకుని అట్ట ముందు పైకి లేస్తుంది. మర్నాడు బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ముందు ఇనపపట్టీలో అది కూర్చోదు. పాత వార్తాపత్రికలు కుక్కి, గంటకొకసారి మార్చి, అట్ట వంగకుండా బిగింపులో పెట్టి, నిప్పుకు దూరంగా ఆరబెట్టడమే సరైన పద్ధతి.

బైండింగ్ అంటే చాలాకాలం కేబులే. 1930ల్లో వ్యాపించిన కాందహార్ బైండింగ్‌లో ఉక్కు తీగ బూటు మడమ గాడిలో కూర్చుంటుంది, ముందున్న మీటను నొక్కితే బిగుస్తుంది. దిగేటప్పుడు తీగను మడమకు దగ్గరి పక్క కొక్కేల కిందికి దూర్చాలి, మడమ లేవకుండా. ఎక్కేటప్పుడు ఆ కొక్కేల నుంచి తప్పిస్తే మడమ లేస్తుంది. ఇది మరిచి దిగడం మొదలుపెట్టినవాడు ముక్కు మీద పడతాడు. అసలు ప్రమాదం వేరే. పడ్డప్పుడు తీగ వదలదు, స్కీ మెలి తిరిగితే కాలి ఎముక కూడా దానితో మెలి తిరిగేది. వదిలే బైండింగులు వచ్చాక స్కీ తప్పించుకుని లోయలోకి పోకుండా చీలమండకు పట్టీ కట్టేవారు. పడి దొర్లుతుంటే ఆ పట్టీ చివర స్కీ గిరగిరా తిరిగి తలకు కొట్టేది. 1970ల చివరికి స్కీ బ్రేకులు వచ్చి ఆ బాధ తీర్చాయి.

మైనం పట్టించడం సాయంత్రపు పని. ముందు స్కీ తిరగేసి మధ్య గాడి తుడవాలి. ఇస్త్రీపెట్టె మైనం కరిగేంత వేడుంటే చాలు, పొగ వస్తే ఎక్కువైనట్టే. చుక్కలు చుక్కలుగా కార్చి, పెట్టెను ఆగకుండా ముందు నుంచి వెనక్కి నడిపించి, పూర్తిగా చల్లారాక గీకేయాలి. గీకడానికి మనసొప్పక మందంగా వదిలేస్తే జారదు, మంచు అంటుకుంటుంది. పొడి చలి మంచుకు గట్టి మైనం, తడి మంచుకు మెత్తటి మైనం. చలి మంచు రేణువులు పదునుగా ఉండి మెత్తటి మైనంలోకి గుచ్చుకుంటాయి. ఇంకో సంగతి: వెచ్చటి గదిలోంచి స్కీని తెచ్చి నేరుగా మంచు మీద వేస్తే అడుగున మంచు కరిగి మళ్ళీ గడ్డకడుతుంది. పావుగంట ముందే బయట నిలబెట్టాలి.

అంచులకు ఆకురాయి ఒకే దిశలో. పదును చూడటానికి గోరు అడ్డంగా లాగితే పొట్టు రావాలి. కొనల దగ్గర మాత్రం వేలెడు మేర పదును తీసేయాలి, లేకపోతే మలుపు మొదట్లోనే పట్టేస్తుంది. సాల్జ్‌బర్గ్‌కు చెందిన రుడాల్ఫ్ లెట్నర్ 1920లలో తెచ్చిన తొలి ఉక్కు అంచులు ముక్కలు ముక్కలుగా మరలతో బిగించినవి. చెక్క ఉబ్బినప్పుడల్లా మరలు వదులయ్యేవి, ఒక ముక్క ఊడితే అక్కడికి ఆ రోజు ముగిసినట్టే.

చలికాలం అయిపోయాక చెక్క స్కీలను అడుగులు ఒకదానికొకటి ఆనేలా కట్టి, నడుమ చెక్కముక్క ఇరికించి ఉంచేవారు, మధ్యలో ఉండే వంపు పోకుండా. ఈ పాత జతలు ఇప్పటికీ ఎక్కడో ఒక అటక మీద ఉంటాయి. గోడకు తగిలించుకోండి, వాటి మీద దిగకండి. బైండింగ్ లోపలి స్ప్రింగులు ఎంత బలానికి వదలాలో అంతకు వదలవు. 1970ల, 80ల ప్లాస్టిక్ బూట్లయితే బయటికి నిగనిగలాడుతున్నా లోపల పెళుసెక్కి ఉంటాయి, మొదటి చలిలోనే చీలమండ దగ్గర పగులుతాయి.