బొగ్గుట్ట నుంచి షిఫెన్ పట్టాల దాకా

సంచికకు ఏదైనా రాసి పంపమని మన 1997 పదో తరగతి మిత్రులు అడిగినప్పుడు, నాకు మనం బొగ్గుట్ట అని పిలుచుకునే ఇల్లెందు కంటే ముందు తైవాన్‌లోని ఒక చిన్న ఊరు మనసులో మెదిలింది. ఆ ఊరు కూడా మన ఊరిలాగే బొగ్గు ఊరు.

ఉద్యోగరీత్యా మేము తైవాన్‌లోనే షిన్‌జు నగరంలో ఉంటున్నాము. 2024 ఫిబ్రవరి 24న, శనివారం, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని పింగ్‌షీ లోయలోని షిఫెన్‌కు దీపాల పండుగ చూడటానికి వెళ్లాము. అక్కడి పంచాంగం ప్రకారం మొదటి నెలలో వచ్చే పున్నమి రోజున ఈ పండుగ జరుపుకుంటారు. అది చాలా ఏళ్లు మన మాఘ పౌర్ణమితోనే కలుస్తుంది. అధికమాసం తేడా పడినప్పుడు మాత్రం ఫాల్గుణ పౌర్ణమికి జరుగుతుంది. ఆ ఏడు మాఘ పౌర్ణమే. ఇంటి దగ్గర మా అమ్మ గుడికి వెళ్లే వేళకు మేము రుయ్‌ఫాంగ్ స్టేషన్‌లో రైలు మారుతున్నాము.

ఆ రైలు మార్గం పొడవు పదమూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. 1921లో బొగ్గు మోయడానికి వేసిన ఆ పట్టాల మీద ఇప్పుడు మాలాంటి సందర్శకులను మోస్తున్నారు. షిఫెన్‌లో పట్టాలు అంగళ్ల మధ్య నుంచే సాగుతాయి. చెయ్యి చాపితే రైలు పెట్టె తగిలేంత ఇరుకు. రైలు వస్తోందనగానే ఈల మోగుతుంది, పట్టాల మీది జనమంతా అంగళ్ల చూరు కిందికి సర్దుకుంటారు, అది దాటిపోగానే మళ్లీ పట్టాల మీదికి వచ్చి దీపాలు ఎగరేస్తారు. మన బడి వెనుక బొగ్గు వ్యాగన్లు కదులుతున్నప్పుడు సారు పాఠం ఆపి, చప్పుడు తగ్గాక అదే వాక్యం నుంచి మళ్లీ మొదలుపెట్టేవారు. ఆ ఓపిక నాకు షిఫెన్ అంగళ్ల వాళ్లలో కనిపించింది.

దీపమంటే మనం కార్తీకంలో ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపం లాంటిది కాదు. వెదురు చట్రానికి పలుచని కాగితం అంటించిన పెద్ద సంచి అది, మా అమ్మాయి అంత ఎత్తు ఉంటుంది. దానిని ఒక కమ్మీకి వేలాడదీసి, చేతికి కుంచె, సిరా ఇస్తారు. నాలుగు వైపులా మన కోరికలు మనమే రాసుకోవాలి. ఆగస్టు 15కు ముందు బడి గోడ మీద నినాదాలు రాయించేటప్పుడు డ్రాయింగ్ సారు, కుంచెను పెన్నులా పట్టుకుంటే అక్షరం వణుకుతుందని నా వేళ్లు సరిచేసిన సంగతి, ఆ కాగితం ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది. నేను "అందరికీ ఆరోగ్యం" అని రాశాను. సన్నని జల్లు పడుతుండటంతో 'గ్య' ఒత్తు కిందికి కారి, ఆ అక్షరానికి తోక మొలిచినట్టు కనిపించింది. మా అబ్బాయి చైనీయ లిపిలో తన పరీక్షల గురించి ఏదో రాసుకుని, నన్ను చదవనివ్వలేదు.

రెండో తరగతి చదివే మా అమ్మాయికి తెలుగు రాయడం ఇంకా రాదు. తైవాన్ బడుల్లో ఒకటో తరగతి మొదటి పది వారాలు పిల్లలకు 37 ధ్వని గుర్తులు నేర్పి, ఆ తర్వాతే అసలు లిపిలోకి తీసుకువెళతారు. మా అమ్మాయి ఆ గుర్తులతోనే తాతయ్యకు మోకాళ్ల నొప్పులు తగ్గాలని తెలుగు మాటల్లో రాసింది. అంగడి ఆవిడ కూడబలుక్కుంటూ "తా... తా..." అని రాగం తీసి చదివి, ఇదేమి భాష అన్నట్టు నా వైపు చూసింది. ఈ పండుగకు దీపాల మీద పొడుపు కథలు రాసి విప్పమనడం వారి ఆచారం. "చేత్తో చల్లుతారు, నోటితో ఏరుతారు" అన్న మన పొడుపు కథకు జవాబు అక్షరాలని నేను బడిలోనే నేర్చుకున్నాను. అది నా ఎదుటే అలా విడిపోతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఒకప్పుడు బందిపోట్లు వచ్చినప్పుడు జనం కొండల్లోకి పారిపోయేవారనీ, ఊళ్లో మిగిలినవారు ఆపద తప్పిందని చెప్పడానికి ఈ దీపాలు ఎగరేసేవారనీ అక్కడ చెబుతారు. బొగ్గు గనిలో మూడో షిఫ్టుకు వెళ్లిన బాపు సందు మొదట్లో కనబడే దాకా అమ్మ అరుగు దిగకుండా కూర్చునేది. పిల్లలకు ఆ కథ వివరించడానికి నాకు వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది.

నూనెలో నానబెట్టిన కాగితాల మడతను అడుగున తీగకు గుచ్చి అంటించారు. నలుగురం నాలుగు మూలలు పట్టుకున్నాము. లోపల గాలి వేడెక్కి కాగితం బిగుసుకుంటూ చేతులను పైకి లాగింది. వదిలాక అది ఒక్క క్షణం మా మీదికే వంగి, తర్వాత తేరుకుని లేచిపోయింది. దాని చట్రం తెల్లవారేసరికి ఏ చెట్టుకు చిక్కుకుంటుందో అన్న బాధ నాకు లేకపోలేదు. రాలినవాటిని అక్కడివారు ఏరి అప్పగిస్తారట, అయినా అడవికి అది మేలని నేననను.

తిరుగు రైలు కోసం నిలబడి, నువ్వుల ముద్ద నింపిన బియ్యప్పిండి ఉండలు వేడి తీపి నీళ్లలో తింటూ బాపుకు ఫోన్ చేశాను. మా అబ్బాయికి అవి నాయనమ్మ చేసే ఉండ్రాళ్లే, కాకపోతే పళ్లకు అంటుకుంటాయి. దీపాల సంగతంతా విని, "ఆడ బాయిలు ఎప్పుడు మూసిండ్రు?" అని అడిగాడు. షిఫెన్ దగ్గరి గని 1997లో మూతపడిందనీ, ఇప్పుడది మ్యూజియమనీ చెప్పాను. కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆడ పనిచేసినోళ్లు ఏడికి పోయిండ్రు బిడ్డా?" అన్నాడు. జవాబు చెప్పేలోపు ఈల మోగింది, జనమంతా చూరు కిందికి సర్దుకున్నారు.