శరత్కాలపు చదువు, ఇంటి పద్దు

జపానులో శరత్కాలం చదువుకునే కాలం. తుఫానులు వెనకపట్టి, ఎండ మెత్తబడి, చీకటి త్వరగా పడుతున్న ఈ రోజుల్లో ఇక్కడివారు సాయంత్రాలను పుస్తకాలకు కేటాయిస్తారు. అక్టోబరు 27 నుంచి నవంబరు 9 వరకు, నవంబరు 3న వచ్చే సంస్కృతి దినోత్సవాన్ని మధ్యలో ఉంచుకుని, దేశమంతటా పఠన వారోత్సవం జరుపుతారు. యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947లో, ప్రచురణకర్తలు, గ్రంథాలయాలు, పత్రికలు కలిసి ప్రారంభించిన ఈ వేడుక పేరుకు వారమే అయినా రెండో ఏడాది నుంచే రెండు వారాలు సాగుతోంది. సరిగ్గా ఇవే రోజుల్లో బీమా సంస్థల నుంచి ప్రీమియం ధ్రువపత్రాలు తపాలాలో వస్తాయి, కార్యాలయంలో ఏడాది చివరి పన్ను సర్దుబాటుకు, అంటే నెన్‌మాత్సు చోసేకు, ఫారాలు చేతికందుతాయి. ఇక్కడ ఉద్యోగం చేస్తూ స్వదేశంలోని తల్లిదండ్రులకు డబ్బు పంపే మనబోటివారు ఈ కాలంలో ముందుగా చదవవలసినవి ఆ కాగితాలేనని నా గట్టి అభిప్రాయం. కథలూ నవలలూ ఆ తరువాత నిశ్చింతగా చదువుకోవచ్చు.

అక్టోబరులో ఏ పుస్తకాల దుకాణానికి వెళ్లినా వచ్చే ఏడాది డైరీల పక్కనే ఇంటి జమాఖర్చుల పుస్తకాలు, కకేబోలు, వరుసగా పేర్చి కనిపిస్తాయి. జపాను తొలి మహిళా పాత్రికేయుల్లో ఒకరైన హాని మొతోకో 1904లో వీటికి ఒక పద్ధతి ఏర్పరిచారు. అయిన ఖర్చును రాసుకుని నిట్టూర్చడం ఆమె ఉద్దేశం కాదు. ఏ పద్దుకు ఎంత అన్నది ముందే నిర్ణయించుకుని, రోజువారీ ఖర్చును దానితో సరిచూసుకోవాలన్నది ఆమె పట్టుదల. నూరేళ్లు దాటినా ఆ పద్ధతికి కాలదోషం పట్టలేదు. ఫోనులో ఎన్ని యాప్‌లు ఉన్నా నేను కాగితం మీదే రాస్తాను, ఎందుకంటే చేత్తో రాసిన అంకె మీద మనసు ఒక క్షణం ఎక్కువ నిలుస్తుంది. నా పుస్తకంలో ‘ఇంటికి పంపినది’ అనే పద్దు ఇప్పుడు రెండు గళ్లుగా ఉంటుంది: ఒకటి అమ్మది, ఒకటి నాన్నది.

ఆ రెండు గళ్ల వెనుక ఒక నిబంధన ఉంది. విదేశంలో ఉన్న తల్లిదండ్రుల జీవనం మన సంపాదన మీద ఆధారపడి ఉన్నప్పుడు వారిని మన పన్ను లెక్కలో ఆధారితులుగా చూపవచ్చు. అయితే 2023 నుంచి, 30 ఏళ్లు నిండి 70 నిండని బంధువుల విషయంలో, వైకల్యం ఉన్నవారికి, చదువు కోసం జపాను విడిచి వెళ్లినవారికి తప్ప, ఏడాదిలో ఒక్కొక్కరికి కనీసం 380,000 యెన్లు పంపినట్లు రుజువు ఉంటేనే ఆ మినహాయింపు వర్తిస్తుంది. ఇక్కడ ‘ఒక్కొక్కరికి’ అన్నదే కీలకం. నాన్న ఖాతాలోకి ఇద్దరి కోసం ఎంత పెద్ద మొత్తం పంపినా లెక్కకు వచ్చేది నాన్న ఒక్కరే. సెలవులకు వెళ్లినప్పుడు చేతికిచ్చిన నగదుకు లెక్కలో చోటు లేదు. బ్యాంకు ద్వారానో, అనుమతి ఉన్న నగదు బదిలీ సంస్థ ద్వారానో, వారి వారి పేరు మీద వెళ్లాలి. నెలకు 32,000 యెన్లు చొప్పున పంపితే ఏడాదికి 384,000 అవుతుంది కనుక, జనవరి నుంచే మొదలుపెట్టినవారికి ఇది భారంగా తోచదు. ఏడాది చివర చూసుకునేవారికి మాత్రం మిగిలిన మొత్తమంతా ఒకేసారి సర్దవలసి వస్తుంది.

దీని వల్ల కలిగే లాభం చిన్నది కాదు. ఆదాయపు పన్ను 10 శాతం శ్రేణిలో ఉన్న ఉద్యోగికి ఒక్కరి మీద 380,000 యెన్ల మినహాయింపు వల్ల ఆదాయపు పన్నులో దాదాపు 38,000, మరుసటి ఏడాది స్థానిక నివాస పన్నులో దాదాపు 33,000 యెన్లు తగ్గుతాయి. 70 దాటిన తల్లిదండ్రులకైతే ఆ కనీస మొత్తపు షరతు లేదు, మినహాయింపు కూడా 480,000కు పెరుగుతుంది. కానీ పంపినట్లు రుజువు మాత్రం అప్పుడూ కావాలి.

అమ్మ పేరు మీద వేరుగా పంపుతానన్నప్పుడు నాన్న, “ఇంటి ఖర్చు ఒక్కటే కదరా, రెండు ఖాతాలు ఎందుకు?” అన్నారు. నిబంధన వివరించాక సరేనన్నారు. కానీ నెలకోసారి బ్యాంకుకు వెళ్లి పాసుపుస్తకంలో తన పేరు మీద పడిన మొత్తాన్ని అచ్చు వేయించుకు రావడం అమ్మకు ఎంత ఇష్టమైన పనిగా మారిందో పన్ను కాగితాలు చెప్పవు. నాకు మిగిలిన పన్ను కన్నా అది ఎక్కువ అనిపిస్తుంది.

రుజువుల్లో మనవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంటిపేరు. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, బ్యాంకు ఖాతాలో పేరు చివరగా ఉండటం మన దగ్గర మామూలే; ఇక్కడి జీతాల విభాగంలో ఆ మూడింటినీ పక్కపక్కన చూసేవారికి అవి ముగ్గురు మనుషుల పేర్లుగా కనిపిస్తాయి. బంధుత్వాన్ని నిరూపించే ప్రతి విదేశీ పత్రానికీ జపనీస్ అనువాదం జతచేయాలి కనుక, ఆ అనువాదంలోనే మూడు పేర్లూ ఒకరివేనని ఒక వాక్యంలో వివరించడం మంచిది. ఈ పనికి వారాలు పడుతుంది, అందుకే అక్టోబరులోనే మొదలుపెట్టాలంటాను.

బియ్యం విషయం కూడా ఈ కాలపు పద్దులోదే. 2024 వేసవిలో దుకాణాల్లో బియ్యం అరలు ఖాళీ అయ్యాయి, 2025 వసంతంలో 5 కిలోల సంచి సగటు ధర 4,000 యెన్లు దాటింది. పూటపూటా అన్నం వండుకునే ఇంటికి ఇది పెద్ద దెబ్బ. అందుకే చాలామంది ఫురుసాతో నోజే కింద, అంటే ఇచ్చిన విరాళం మేరకు పన్ను తగ్గే పథకం కింద, ఏదో ఒక ఊరికి విరాళమిచ్చి, అక్కడి కొత్త బియ్యాన్ని బహుమతిగా తెప్పించుకుంటున్నారు. పరిమితి లోపల ఇస్తే మన చేతి నుంచి పోయేది 2,000 యెన్లు మాత్రమే. డిసెంబరు 31 లోపు ఇవ్వాలి.

పొదుపు విషయంలో, ఏదో ఒకనాడు స్వదేశానికి తిరిగి వెళ్లాలనుకునేవారు ఇడెకో అనే సొంత పింఛను ఖాతా కన్నా ముందు నీసా అనే పన్ను లేని పెట్టుబడి ఖాతాను చూడాలన్నది నా మాట. ఇడెకోలో వేసిన మొత్తమంతా పన్ను ఆదాయం నుంచి తగ్గుతుంది నిజమే, కానీ మామూలుగా 60 ఏళ్ల దాకా ఆ డబ్బు ముట్టుకోవడానికి వీలుండదు. 2024లో మారిన నీసాలో ఏడాదికి 36 లక్షల యెన్ల వరకు, జీవితకాలంలో కోటి 80 లక్షల వరకు పెట్టుబడి పెట్టవచ్చు, లాభం మీద మామూలుగా పడే 20.315 శాతం పన్ను ఉండదు, అవసరమైనప్పుడు అమ్ముకోవచ్చు. దేశం విడిచి వెళ్లేటప్పుడు మాత్రం ఆ ఖాతా సంగతి ముందుగా తేల్చుకోవాలి.

ఇవన్నీ జపనీస్‌లో చదవడం కష్టమనేవారికి నేను చెప్పేది ఊరి గ్రంథాలయంలోని పిల్లల విభాగం గురించి. డబ్బు, పన్నులు, బీమా గురించి బడి పిల్లల కోసం రాసిన పుస్తకాలు అక్కడ ఉంటాయి. కాంజీల, అంటే చైనా నుంచి వచ్చిన లిపి అక్షరాల, పక్కన చదివే తీరు చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంటుంది, వాక్యాలు సూటిగా ఉంటాయి. 1950 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఆ పుస్తకాలు తీసుకోవడానికి రుసుము లేదు. టోక్యోలో ఉన్నవారు ఈ రోజుల్లోనే జింబోచోలో జరిగే పాత పుస్తకాల పండుగకూ వెళ్లవచ్చు. 1960లో మొదలైన ఆ పండుగలో దుకాణాలవారు యాసుకుని వీధి పొడవునా కాలిబాట మీద పుస్తకాలు పరుస్తారు, అక్కడ మాత్రం జేబుకు పద్దు ముందే రాసుకుని వెళ్లాలి.

గడిచిన ఏళ్లలో తల్లిదండ్రుల పేర్లు చూపనివారు, అప్పటి బదిలీ రసీదులు దాచుకుని ఉంటే, ఒకసారి తీసి చూడండి. షరతులు కుదిరితే, ఆ సంవత్సరం గడిచిన 5 ఏళ్ల లోపు పన్ను కార్యాలయంలో రిటర్ను దాఖలు చేసి వాపసు కోరవచ్చు.