ఒవేరియన్ మాస్: బినైనా, మాలిగ్నెంటా? నేను చదివిన తీరు, మార్చుకున్న తీరు

ఫ్రెండ్స్, గైనకాలజీ ఫైనల్స్‌కి చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒవేరియన్ ట్యూమర్ (అండాశయంలో గడ్డ) బినైనో (క్యాన్సర్ కానిదో) మాలిగ్నెంటో (క్యాన్సరో) ఆపరేషన్‌కి ముందే ఎలా తేలుస్తారు అన్న ప్రశ్న థియరీలోనూ, లాంగ్ కేసులోనూ, వైవాలోనూ వస్తూనే ఉంటుంది. నేను మొదట్లో రెండు కాలమ్‌ల టేబుల్ బట్టీ పట్టాను. ఒకవైపు నున్నగా, కదిలేలా, ఒక పక్కనే ఉన్న గడ్డ; రెండోవైపు గట్టిగా, ఎగుడుదిగుడుగా, రెండు పక్కలా, ఆసైటిస్‌తో (పొట్టలో నీరు చేరడం). టేబుల్ తప్పేమీ కాదు. కానీ మాక్ వైవాలో మేడమ్ "సరే, ఇప్పుడేం చేస్తావు?" అనేసరికి టెన్షన్‌లో "సూదితో నీరు తీసి సైటాలజీకి పంపుతాను మేడమ్" (అంటే కణాల పరీక్షకి) అనేశాను.

దయచేసి మీరు ఆ మాట అనకండి. అండాశయం లోపలే ఉన్న తొలి దశ క్యాన్సర్ అయితే, సూది గుచ్చినప్పుడు కణాలు పొట్టలోకి చింది స్టేజ్ 1ఎ కాస్తా స్టేజ్ 1సి (కణాలు బయటికి చిందిన దశ) అయిపోవచ్చు, పైగా సైటాలజీలో ఏమీ కనబడనంత మాత్రాన క్యాన్సర్ లేదని చెప్పలేం. (ముదిరిన కేసులో ఆసైటిస్ నీరు తీసి పరీక్షించడం వేరే సంగతి.) ఈ తప్పు తర్వాతే నాకు అసలు ప్రశ్న అర్థమైంది: ఈమెకు ల్యాపరోస్కోపీలో సిస్ట్ ఒక్కటి తీస్తే సరిపోతుందా, లేక గైనిక్ ఆంకాలజిస్ట్ దగ్గరికి పంపి మిడ్‌లైన్ ఇన్సిషన్‌తో పూర్తి స్టేజింగ్ (క్యాన్సర్ ఎంతవరకు పాకిందో చూడటం) చేయించాలా? మనం చదివే స్కోర్లన్నీ ఆ నిర్ణయం కోసమే.

అందుకే ముందు వయసు, మెనోపాజ్ అయిందా లేదా అన్నది రాయండి. సీఏ-125 (రక్తంలో కొలిచే ట్యూమర్ మార్కర్) ఎంత ఉంటే దేనికి సంకేతమో అది చూశాకే చెప్పగలం. 35 దాటితే ఎక్కువే, కానీ పీరియడ్స్ వచ్చే వయసులో ఎండోమెట్రియోసిస్, ఫైబ్రాయిడ్లు, పెల్విక్ ఇన్ఫెక్షన్, చివరికి పీరియడ్ రోజులు కూడా దాన్ని పెంచుతాయి. పొట్టలో టీబీ అయితే ఆసైటిస్, మాస్, సీఏ-125 మూడూ కలిసి అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. అటు చూస్తే స్టేజ్ 1 క్యాన్సర్లలో దాదాపు సగం మందికి అది పెరగనే పెరగదు.

1990లో వచ్చిన ఆర్ఎంఐని (క్యాన్సర్ రిస్క్ లెక్కించే స్కోరు) లెక్క చేస్తూ నేర్చుకోండి. అల్ట్రాసౌండ్ స్కోరు, మెనోపాజ్ స్కోరు, సీఏ-125, మూడింటినీ గుణించాలి. మల్టీలోక్యులర్ (లోపల చాలా గదులుండటం), సాలిడ్ భాగాలు, రెండు పక్కలా ఉండటం, ఆసైటిస్, మెటాస్టాసిస్ (వేరేచోటికి పాకడం): వీటిలో ఒకటుంటే 1, రెండు గానీ అంతకుమించి గానీ ఉంటే 3, ఏదీ లేకపోతే 0. మెనోపాజ్ అయితే 3, కాకపోతే 1. మెనోపాజ్ దాటిన మనిషికి సాలిడ్ భాగాలున్న మల్టీలోక్యులర్ సిస్ట్, సీఏ-125 80 అనుకోండి: 3×3×80, అంటే 720. కటాఫ్ 200, పంపించాల్సిందే. అదే 28 ఏళ్ల అమ్మాయికి రెండు పక్కలా మల్టీలోక్యులర్ ఎండోమెట్రియోమాలు (ఎండోమెట్రియోసిస్ వల్ల వచ్చే సిస్టులు), సీఏ-125 150 అయితే 450 వస్తుంది, ఉన్నది మాత్రం బినైన్! ఈ రెండో లెక్క కూడా రాస్తే ఫార్ములా హద్దు ఎక్కడో మీకు తెలుసని ఎగ్జామినర్‌కి అర్థమవుతుంది.

ఐఓటీఏ సింపుల్ రూల్స్ (అల్ట్రాసౌండ్ లక్షణాలతో తేల్చే పద్ధతి) దగ్గర నాకు చాలా టైమ్ పట్టింది. ఐదు బి (బినైన్), ఐదు ఎం (మాలిగ్నెంట్) ఫీచర్లు. బి మాత్రమే ఉంటే బినైన్, ఎం మాత్రమే ఉంటే మాలిగ్నెంట్, రెండూ ఉన్నా ఏదీ లేకపోయినా తేలనట్టే. నాకు ఇది నిలిచిపోయింది ఒక్క ఉదాహరణతో: ఫైబ్రోమా (బినైన్ సాలిడ్ గడ్డ). సాలిడ్ మాస్, ఆసైటిస్, ప్లూరల్ ఎఫ్యూజన్ (ఊపిరితిత్తుల చుట్టూ నీరు) చూసి ఎవరైనా భయపడతారు, కానీ అది మీగ్స్ సిండ్రోమ్ అయితే గడ్డ తీయగానే నీరంతా తగ్గిపోతుంది. ఆసైటిస్ ఎం ఫీచర్, అకౌస్టిక్ షాడో (స్కాన్‌లో గడ్డ వెనక కనిపించే నీడ) బి ఫీచర్, కాబట్టి రూల్స్ ప్రకారం తేలదు. అప్పుడు అనుభవమున్న సోనాలజిస్ట్‌తో మళ్లీ స్కాన్ చేయించాలి, లేదా ఎంఆర్ఐ. సింపుల్ రూల్స్‌తో దాదాపు నాలుగింట మూడొంతుల కేసులే తేలతాయి, మిగతావి ఇలాంటివే.

టీనేజ్ అమ్మాయి కేసు వస్తే సీఏ-125తో ఆగిపోకండి. ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్, బీటా హెచ్‌సీజీ అనే మార్కర్లు రాయకపోతే జెర్మ్ సెల్ ట్యూమర్ (అండ కణాల నుంచి వచ్చే గడ్డ) మీకు గుర్తుకే రాలేదనుకుంటారు.

చివర్లో తప్పకుండా వచ్చే ప్రశ్న: "ఇంతా చేసి, పొట్ట తెరిచాక అనుమానం వస్తే?" ఫ్రోజెన్ సెక్షన్ (ఆపరేషన్ మధ్యలోనే గడ్డ ముక్కని పరీక్షించడం) అని చెప్పండి, కానీ అక్కడితో ఆపకండి. పెద్ద మ్యూసినస్ (జిగురు ద్రవం ఉండే) ట్యూమర్లో ఒక చోట బినైన్, పక్కనే బోర్డర్‌లైన్ (రెండింటికీ మధ్యస్థం), ఇంకోచోట క్యాన్సర్ ఉండొచ్చు, ఫ్రోజెన్‌కి ఇచ్చే ముక్కలు కొన్నే. కాబట్టి పిల్లలు కావాలనుకునే అమ్మాయిలో ఫ్రోజెన్ రిపోర్టు అనుమానంగా ఉంటే, చూడటానికి మామూలుగా ఉన్న రెండో ఓవరీనీ గర్భసంచినీ ముట్టుకోకుండా, ఫైనల్ హిస్టోపాథాలజీ వచ్చేదాకా ఆగుతాం.