తెల్లబట్టలో కనిపించే అండం జాడ

తెల్లబట్ట అనగానే రోగమనే అనుకుంటారు మన దగ్గర. ఒంట్లో వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగేవాళ్లున్నారు, మందుల షాపులో మాత్రలు అడిగి వేసుకునేవాళ్లూ ఉన్నారు. నిజానికి నెలలో కొన్ని రోజులు జారుడుగా, పారదర్శకంగా వచ్చే స్రావం ఆరోగ్యానికి గుర్తు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకు క్యాలెండర్‌లో పద్నాలుగో రోజు లెక్కపెట్టడం కంటే అది చెప్పే కబురే నమ్మకమైనది.

పద్నాలుగో రోజు లెక్క ఎందుకు తప్పుతుందంటే, అండం విడుదలయ్యాక నెలసరి రావడానికి చాలామందిలో 12 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ భాగం పెద్దగా మారదు. సాగేదీ కుదించుకుపోయేదీ ముందు భాగమే. 35 రోజులకోసారి నెలసరి వచ్చే అమ్మాయికి అండం 21వ రోజు ప్రాంతంలో వస్తుంది, 24 రోజులకే వచ్చేవాళ్లకు పదో రోజుకే రావచ్చు. వీళ్లిద్దరికీ పద్నాలుగో రోజే చెబితే ఇద్దరికీ ఆ నెల వృథా అయినట్టే.

ఈ స్రావం తయారయ్యేది గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథుల్లో. నెలసరి రక్తం ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తక్కువగా ఉన్న రోజుల్లో అది చిక్కటి బిరడాలా ద్వారాన్ని మూసేస్తుంది. బయటికి ఏమీ రాదు, పొడిగా ఉంటుంది. అండం ఎదిగేకొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, స్రావంలో నీరు పెరుగుతుంది. మొదట మైదా జిగురులా అంటుకుంటుంది, వేళ్ల మధ్య పట్టి లాగితే పుటుక్కున తెగిపోతుంది. తర్వాత మీగడలా మెత్తబడుతుంది. ఆ తర్వాత వచ్చేదే అసలైనది: పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా, కోసిన బెండకాయ జిగురులా జారుతూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు మూడు అంగుళాలు తెగకుండా సాగుతుంది. కొందరికి సాగకుండా నీళ్లలా పల్చగా వస్తుంది, అదీ సారవంతమైనదే, అంటే గర్భం నిలవడానికి అనువైనదే. మామూలుగా యోనిలోని ఆమ్లానికి వీర్యకణాలు కొద్ది గంటల్లోనే చచ్చిపోతాయి. ఈ జిగురు దొరికితే మాత్రం అయిదు రోజుల దాకా బతుకుతాయి. అండం ఆయుష్షు 12 నుంచి 24 గంటలే. అందుకే గర్భం నిలిచే అవకాశమున్నవి అండం విడుదలైన రోజు, దానికి ముందు అయిదు రోజులు.

చూడటం ఇలా. మూత్రానికి వెళ్లేముందు శుభ్రమైన టిష్యూతోనో మెత్తని నూలు గుడ్డతోనో ముందు నుంచి వెనక్కి తుడవాలి. తుడిచేటప్పుడు గరుకుగా ఆగిందా, నూనె రాసినట్టు జారిందా? గుడ్డ మీద ఏమైనా ఉంటే వేళ్లతో తీసి లాగి చూడాలి. లోపలికి వేలు పెట్టనక్కర్లేదు; లోపల ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి అది తప్పుదోవ పట్టిస్తుంది. రోజంతా చూసినవాటిలో ఎక్కువ సారవంతంగా కనిపించినదాన్నే రాత్రి పడుకునేముందు రాసుకోవాలి. పొద్దున మీగడలా ఉండి సాయంత్రం తెల్లసొనలా ఉంటే ఆ రోజు తెల్లసొన రోజే.

జారుడుగా అనిపించిన ఆఖరి రోజును శిఖర రోజు అంటారు. అండం దానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా విడుదలవుతుంది. చిక్కల్లా ఒక్కటే: అది ఆఖరి రోజని మర్నాడు జిగురు చిక్కబడితేనో ఎండిపోతేనో గాని తెలియదు. అలా మార్చేది అండం విడుదలయ్యాక పెరిగే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్. కాబట్టి పిల్లలు కావాలనుకునేవాళ్లు శిఖరం కోసం ఎదురుచూడకూడదు. మెత్తటి తడి మొదలైన రోజు నుంచీ రోజూ గాని, రోజు విడిచి రోజు గాని కలవడం మంచిది. గర్భం వద్దనుకునేవాళ్లకు నియమాలు ఇంకా కఠినం: తడి కనిపించిన దగ్గర్నుంచి, శిఖరం దాటి మూడు రోజులు పూర్తయ్యేదాకా దూరం. కొన్ని నెలలు రాసి, శిక్షణ ఉన్నవాళ్లకు చూపించకుండా దీన్ని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది కలిసిన మర్నాడు. మిగిలిన వీర్యం తెల్లసొనలాగే కనిపిస్తుంది. సందేహమైతే గ్లాసు నీళ్లలో వేయండి: గర్భాశయ జిగురు ముద్దగానే ఉండిపోతుంది, వీర్యం, ఉద్రేకంలో ఊరిన తడి చెదిరి కరిగిపోతాయి. అండం కోసం ఇచ్చే క్లోమిఫీన్ మాత్రలు కొందరిలో ఈ జిగురునే ఎండబెడతాయి, జలుబుకు వాడే కొన్ని మాత్రలూ అంతే. పొడిగా ఉందని జెల్లో ఉమ్మో వాడితే వీర్యకణాల కదలిక మందగించవచ్చు. పీసీఓఎస్ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్నవాళ్లకు తెల్లసొన జిగురు వచ్చి, ఆగి, మళ్లీ వస్తుంటుంది. అండం మాత్రం విడుదల కాకపోవచ్చు. జిగురు చెప్పేది శరీరం సిద్ధపడుతోందని మాత్రమే. అండం వచ్చిందని రూఢి చేసేది పొద్దున లేవగానే మంచం మీదే చూసే ఉష్ణోగ్రత మూడు రోజులు వరుసగా కాస్త ఎక్కువగా నిలవడం, లేదా నెలసరికి వారం ముందు చేసే ప్రొజెస్టెరాన్ రక్తపరీక్ష.

దుర్వాసన, పసుపు లేదా ఆకుపచ్చ రంగు, దురదతో విరిగిన పెరుగులాంటి తెలుపు, నెలసరి మధ్యలో రక్తం: ఇవి సారవంతమైన గుర్తులు కావు. గైనకాలజిస్టుకు చూపించాలి, భర్తకూ చికిత్స అవసరమేమో అడగాలి. అన్నీ సరిగా ఉండి ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, వయసు 35 దాటితే ఆరు నెలలకే, రాసుకున్న ఆ పుస్తకం పట్టుకుని దంపతులిద్దరూ వెళ్లండి. వీర్య పరీక్ష మొదటి రోజే చేయించండి.