చవక ఫిఫ్టీ: విరిగేదెక్కడ, పోర్ట్రెయిట్ కుదిరేదెప్పుడు

కెనాన్ చవక 'ఫిఫ్టీ', అంటే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, రెండో వెర్షన్ 1990లో వచ్చింది. 2015లో దాని స్థానంలోకి ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు) వెర్షన్ వచ్చింది. రెండింట్లోనూ గాజు అమరిక ఒకటే, ఐదు గ్రూపుల్లో ఆరు అద్దాలు. ముఖ్యంగా మారింది ఆ గాజు చుట్టూ ఉన్న సరంజామా. కాబట్టి చవక లెన్స్ ఎన్నాళ్ళు మన్నుతుందన్న ప్రశ్నకి జవాబు గాజులో దొరకదు. ముందు పోయేవి గేర్ల పళ్ళు, బ్యారెల్‌ని (లెన్స్ గొట్టాన్ని) పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు, లోపలి రిబ్బన్ కేబుల్.

పాతదానికి ప్లాస్టిక్ మౌంట్ (కెమెరాకి తగిలించే భాగం) ఉందని చాలామంది జంకుతారు. లెన్స్ బరువే 130 గ్రాములు, మౌంట్ మీద పడే భారం ఎంతని! అసలు బలహీనత ముందు వైపుంది. కిందపడితే ఇది తరచూ రెండు ముక్కలుగా ఊడొస్తుంది. క్లిప్పులు విరగకుండా ఊడితే మళ్ళీ నొక్కి బిగించొచ్చు, పనిచేస్తుంది కూడా. కానీ ముందు భాగం కాస్త వంకరగా కూర్చున్నా ఫ్రేములో ఒక పక్క షార్ప్‌గా, ఇంకో పక్క మసకగా వస్తుంది. ఏదైనా గోడకి ఎదురుగా నిలబడి, అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరుచుకునే ఎఫ్/1.8లో తీసిన ఒక్క ఫొటోతో ఆ సంగతి తేలిపోతుంది.

రెండో తప్పు చేతులారా చేసేది. స్విచ్ ఏఎఫ్‌లో (ఆటోఫోకస్) ఉండగా ఫోకస్ రింగ్ తిప్పితే, ఆ బలమంతా చిన్న మోటారు గేర్ల మీద పడుతుంది. పళ్ళు అరిగాక గరగర శబ్దం వస్తుంది, ఫోకస్ అటూ ఇటూ కొట్టుకుంటుంది. ముందు స్విచ్ ఎంఎఫ్‌కి (చేతి ఫోకస్) మార్చండి, తర్వాతే రింగ్ ముట్టుకోండి.

ఎస్‌టీఎంలో ఈ గొడవ లేదు. రింగ్ కేవలం మోటారుకి సంకేతం పంపుతుంది, అంతే. దీని బలహీనత వేరే. దగ్గరికి ఫోకస్ చేసినప్పుడు లోపలి బ్యారెల్ బయటికి పొడుచుకొస్తుంది. అలాగే కెమెరా ఆఫ్ చేసి బ్యాగులో పడేసి, బస్సు కుదుపుల్లో ఆ బ్యారెల్ దేనికో గుద్దుకుంటే ఇరుక్కుపోతుంది. వేలితో లోపలికి నెట్టడం ఇంకా ప్రమాదం. ఆఫ్ చేసే ముందు దూరంగా ఉన్న దేనిమీదైనా ఒకసారి ఫోకస్ చేస్తే అది లోపలికి వెళ్ళిపోతుంది. ఈఎస్-68 హుడ్ (లెన్స్ ముందు తొడిగే తొడుగు) కొనమని చెప్పేది కూడా ఇందుకే. అది కదలని బయటి బ్యారెల్‌కి తగులుకుంటుంది, దెబ్బ తానే తింటుంది. ఫిల్టర్ మాత్రం కదిలే లోపలి బ్యారెల్‌కే బిగుస్తుంది, కాబట్టి బరువైనది వద్దు.

నికాన్ వాళ్ళకి 50 ఎంఎం 1.8డి గట్టి పిండం. లోపల మోటారే లేదు, ఇక పాడయ్యేదేముంది? ఇబ్బందల్లా డి3000, డి5000 వరస కెమెరా బాడీల్లోనూ ఫోకస్ మోటారు లేకపోవడం. వాటి మీద ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాల్సిందే.

కోఠిలోనో ఆన్‌లైన్‌లోనో సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులు నాలుగైదు ఉంటే ఏం కాదు. సాలెగూడులా పోగులు కనిపిస్తే అది ఫంగస్, వదిలేయండి. తర్వాత మీ బాడీకి తగిలించి ఎఫ్/1.8లో ఒకటి, ఎఫ్/8లో ఒకటి తీయండి. మొదటిది వచ్చి రెండోదానికి ఎర్రర్ 01 పడితే, అపెర్చర్ యూనిట్‌నో దాని కేబుల్‌నో అనుమానించాలి. రెండింటికీ ఎర్రర్ వస్తుంటే ముందు లెన్స్ వెనకున్న లోహపు కాంటాక్టులు తుడిచి చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొద్దిగా అద్దిన ఇయర్ బడ్ చాలు. రబ్బరుతో రుద్దితే పైనున్న బంగారు పూత పోతుంది.

వానాకాలం నాలుగు నెలలూ లెన్స్‌ని బ్యాగులో మూసి ఉంచకండి. గాలి చొరబడని వంటింటి డబ్బా, అందులో సిలికా జెల్, ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఉంటే సరి. తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగితే ఓవెన్లో 110-120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు వేడి చేసి మళ్ళీ వాడొచ్చు. తిండి పెట్టే గిన్నెలో మాత్రం వద్దు.

ఇక పోర్ట్రెయిట్. 1500డి లాంటి కెనాన్ క్రాప్ (చిన్న సెన్సర్) బాడీ మీద 50 ఎంఎం దృశ్యకోణం ఫుల్ ఫ్రేములో (35 ఎంఎం ఫిల్మంత సెన్సర్) 80 ఎంఎంకి సమానం, ముఖానికి చక్కగా సరిపోతుంది. మీటరున్నర దూరంలో నిలబడండి. దగ్గరికి జరిగితే ముక్కు పెద్దదవుతుంది, ఆ తప్పు లెన్స్‌ది కాదు, దూరానిది. ఎఫ్/1.8లో మీటరున్నర దగ్గర షార్ప్‌గా వచ్చే మందం దాదాపు 6 సెంటీమీటర్లు. మీటరు దగ్గర 3 సెంటీమీటర్లు కూడా ఉండదు, ముఖం కాస్త పక్కకి తిప్పితే ఒక కన్నే దక్కుతుంది. ఎఫ్/2.8కి వస్తే మీటరున్నర దగ్గర 9-10 సెంటీమీటర్లు దొరుకుతుంది. లెన్స్ కూడా అక్కడ 1.8 కంటే షార్ప్‌గా ఉంటుంది, వెలుగు నేపథ్యంలో జుట్టు చుట్టూ వచ్చే ఊదా అంచూ తగ్గుతుంది. "1.8 కొన్నాం కదా, 1.8లోనే తీస్తాం" అనేవాళ్ళ ఫొటోల్లో కనురెప్పకి బదులు చెవి పోగు షార్ప్‌గా ఉండటం మామూలే.

ఫోకస్ పాయింటు ఒక్కటే పెట్టి, కెమెరాకి దగ్గరున్న కంటి మీద ఉంచండి. మధ్య పాయింటుతో పట్టి ఫ్రేము జరిపితే ఆ 6 సెంటీమీటర్లలో కొంత అక్కడే పోతుంది. వ్యూఫైండర్లో ప్రతిసారీ ఒకే వైపు తప్పుతుంటే లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) అదే ఫొటో తీసి పోల్చండి. అక్కడ సరిగ్గా వస్తే తేడా లెన్స్ గాజులో లేదు, బాడీకీ లెన్స్‌కీ పొత్తు కుదరలేదు. చవక బాడీల్లో దాన్ని సరిచేసే మెనూ ఉండదు కాబట్టి, పోర్ట్రెయిట్ వరకు లైవ్ వ్యూ వాడటమే మేలు.

మధ్యాహ్నం ఎండలో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తీస్తుంటే మనిషిని కమాను లోపల, నీడ అంచుకి అడుగు వెనకగా నిలబెట్టి ముఖం బయటికి తిప్పండి. బయటి నేల నుంచి తిరిగొచ్చే వెలుగు కళ్ళ కింది నీడల్ని నింపుతుంది. ఎఫ్/2.8, 1/200 సెకను, ఐఎస్‌ఓ అవసరాన్ని బట్టి.

రాత్రి లాడ్ బజారులో గాజుల దుకాణం దీపాల వెలుగే ముఖానికి సరిపోతుంది. అక్కడ చవక యూవీ ఫిల్టర్ తీసేయండి, లేకపోతే ప్రతి బల్బుకీ ఒక దెయ్యపు నకలు పడుతుంది. వెనక బల్బులు గుండ్రంగా కావాలంటే పాత వెర్షన్‌లో ఎఫ్/1.8 తప్ప గతి లేదు. దాని అపెర్చర్‌కి ఐదే రేకులు, ఎఫ్/2.8 దగ్గర ప్రతి దీపమూ పంచభుజి అవుతుంది. ఎస్‌టీఎంకి ఏడు వంపు రేకులు, ఎఫ్/2.8లో కూడా దీపాలు దాదాపు గుండ్రంగానే నిలుస్తాయి.