నాన్న, ఐసీయూ, ఒక డయాలసిస్ మెషీన్

ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి నాన్నకి బీపీ పడిపోయింది. ఆ దెబ్బకి కిడ్నీలు మొరాయించాయి. క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) రక్తంలో పెరుగుతుంటే "డయాలసిస్ వెంటనే పెట్టేయొచ్చు కదా డాక్టర్ గారూ" అని బాబాయి ఒకటే టెన్షన్. రక్తంలో పొటాషియం, ఊపిరితిత్తుల్లో నీరు అదుపులో ఉన్నంతవరకు ఆగుదామన్నారు డాక్టర్. ముందే మొదలుపెడితే మరణాలేమీ తగ్గలేదని 2020లో స్టార్ట్-ఏకేఐ అనే పెద్ద అధ్యయనం తేల్చిందట. తర్వాత పొటాషియం పెరిగింది, పెట్టక తప్పలేదు. బీపీ నిలబడట్లేదు కాబట్టి మామూలు నాలుగు గంటల డయాలసిస్ కాదు, 24 గంటలూ నెమ్మదిగా నడిచే సీఆర్ఆర్టీ. మెడ దగ్గర లావుపాటి గొట్టం. బిల్లు సంగతి అడక్కండి.

ఇప్పుడు మెషీన్ తీసేశారు. యూరిన్ బాగానే వస్తోంది, అమ్మ ఆ సంగతి చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్తోంది! మూడు నెలలకి మళ్లీ టెస్టులు చేయించమన్నారు. అప్పటిదాకా డాక్టర్‌ని అడగకుండా నొప్పుల మాత్రలు బంద్.