ఎక్స్‌రేలో కనపడని రాయి

పోయిన వేసవిలో ఒక రాత్రి రెండింటికి ఎడమ నడుము దగ్గర నొప్పి మొదలై పొత్తికడుపులోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను, ఒకటే వాంతులు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేసి ఎక్స్‌రే తీశారు. "రాయేమీ లేదండీ, గ్యాస్ నొప్పే" అన్నారు. ఆ మాట నమ్మి తొమ్మిది రోజులు గ్యాస్ మాత్రలు మింగాను.

మళ్ళీ నొప్పి రాగానే మా ఆవిడ ఊరుకోలేదు, యూరాలజిస్టు (కిడ్నీ, మూత్రనాళాల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్ళింది. ముందు అల్ట్రాసౌండ్ రాశారు. లీటరు నీళ్ళు తాగి, యూరిన్ బిగబట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. స్కానింగ్ చేసే డాక్టరమ్మ చల్లటి జెల్లీ రాసి, ప్రోబ్‌తో పొట్టంతా నొక్కి చూశారు. "ఎడమ కిడ్నీ వాచిందండీ. కింద ఏదో అడ్డం పడింది. పేగుల్లో గ్యాస్ వల్ల, కిడ్నీ నుంచి యూరిన్ కిందికి దిగే నాళం మధ్యలో ఏముందో కనపడటం లేదు" అన్నారు. రేడియేషన్ అనేదే లేకుండా ఐదు నిమిషాల్లో అసలు సంగతి బయటపడింది. రాయి ఎంతుందో, ఎక్కడుందో మాత్రం తేలలేదు.

అది తేలాలంటే సీటీ స్కాన్ తీయాలన్నారు. సీటీ అనగానే నాకు టెన్షన్. ఎమ్మారైకి రేడియేషన్ ఉండదు కదా, అది తీయించుకుంటానన్నాను. అందులో రాళ్ళు సరిగ్గా కనపడవట. "సీటీ రేడియేషన్ ఎక్కువే, కాదనను. మామూలు డోసులో తీస్తే, ప్రకృతిలోంచి రెండు మూడేళ్ళలో మన ఒంటికి తగిలేంత ఉంటుంది. అందుకే తక్కువ డోసు రాస్తున్నా. రాయి కోసమే కాబట్టి స్కాన్‌లో స్పష్టంగా కనపడటానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు అక్కర్లేదు" అని యూరాలజిస్టు ఓపిగ్గా చెప్పారు.

సీటీలో తేలింది, నాళంలో 6 మిల్లీమీటర్ల రాయి. సాంద్రత తక్కువగా ఉంది కాబట్టి యూరిక్ యాసిడ్ రాయి కావచ్చన్నారు. కాల్షియం రాళ్ళయితే ఎక్స్‌రేలో తెల్లగా పడతాయి, ఇవి పడవు. మొదటి రోజే "రాయి లేదు" అనకుండా "ఎక్స్‌రేలో రాయి కనపడలేదు" అని ఉంటే, నేను మర్నాడే స్కానింగ్‌కి వెళ్ళేవాణ్ణి. ఆ ఒక్క మాట తేడాతో నా కిడ్నీ అన్ని రోజులు వాచిపోయి ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది. మీకెవరైనా రిపోర్టు నార్మల్ అంటే, ఈ పరీక్షలో కనపడనివి ఏమైనా ఉంటాయా అని అడగండి.

ఇలాంటి రాయిని కరిగించే పొటాషియం సిట్రేట్ సిరప్, రోజుకు మూడు లీటర్ల నీళ్ళు. యూరిన్‌ని టీ వడకట్టే జల్లెడలో పోసి చూసేవాణ్ణి. పదహారో రోజున ఆవగింజ కన్నా కాస్త పెద్దది, ఇటుక రంగుది, జల్లెడలో ఆగింది.

మళ్ళీ సీటీ అక్కర్లేదు, అల్ట్రాసౌండ్ చాలన్నారు. డాక్టరమ్మ స్క్రీన్ నా వైపు తిప్పి రెండు కిడ్నీలూ చూపించారు. వాపు లేదు.